నలభై అడుగుల లోతున ఒక గొంతు

శాలిబండలో రేడియోలు బాగుచేసే దుర్గయ్యను పగలు పదిగంటలకు అతని దుకాణంలోనే చంపారు. మెడలో దిగిన స్క్రూడ్రైవర్ అతనిదే. బయట బస్సులు హారన్లు కొడుతూనే ఉన్నాయి.

పదకొండున్నరకు సంతోష్‌నగర్‌లో, ట్యుటోరియల్ కాలేజీ బోర్డు వెనక దాగిన ఆఫీసులో చీఫ్ గోపాలకృష్ణమూర్తి గబగబా చెప్పాడు.

"దుర్గయ్య మనకోసం రెండు ఫుల్‌ఫేస్ మాస్కులు చేశాడు. నోట్లో గొట్టం ఉండదు, నీళ్ళలో మాట్లాడుకోవచ్చు. ఒకటి నీ దగ్గరుంది. రెండోది పోయింది."

"తీసుకెళ్ళిందెవరు?" అన్నాడు ఏజెంట్ వైకుంఠం.

"హెరన్. విదేశీ ముఠా డైవర్. మీరాలం చెరువు కట్టకు బాంబు పెడుతున్నాడు. టైం ఒంటిగంట. కట్ట కింద బస్తీలు ఖాళీ చేయించే వ్యవధి లేదు."

"సమాచారం?"

"ఇందాక పదకొండింటికి విమలాదేవి తెచ్చింది."

విమలాదేవి ఆ ముఠాలో మనవాళ్ళు నాటిన మనిషి. నల్లకళ్ళద్దాలు, సిల్కు చీర, ఎవరికీ ఖరీదు తెలియని సెంటు. "పడవలో ట్రాన్స్‌మిటర్ నేను చూసుకుంటాను" అందామె.

పన్నెండున్నరకు పూడిక కొలిచే సిబ్బంది వేషంలో పడవ కట్టను చేరింది. వైకుంఠం నడుముకు కట్టిన తాడు పట్టినవాడు సీమోను, చెరువు మీద పనిచేసే మనిషి.

"నా ఇల్లు గీ కట్ట కిందనే సార్. నా పెండ్లాం ఆగమ్మ, ముగ్గురు పోరలు గాడనే ఉన్నరు" అన్నాడు. "మీరు ఫికర్ చెయ్యకుండ్రి, తాడు ఇడువ."

తాడును చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. వైకుంఠం నీళ్ళలోకి జారాడు.

ముఖాలు మార్చడమే అతని వృత్తి. కానీ ఈ మాస్కులో దూరితే తనకు తాను దొరికిపోయినట్టుంటుంది. లోపల తన శ్వాస తప్ప ఏమీ ఉండదు. వదిలిన ప్రతి ఊపిరీ బుడగలై చెవుల పక్కన గుడగుడలాడుతుంది. ఎదుటివాళ్ళ మాట వినాలంటే ఆ కాసేపు ఊపిరి ఆపాలి. దుర్గయ్య సరిదిద్దలేకపోయిన లోపం అదొక్కటే.

ఇరవై నిమిషాలు వెతికాక, నలభై అడుగుల లోతున తూము పక్కన బాంబు కనిపించింది. పళ్ళెమంత ఇనుప డబ్బా. మధ్యలో గడియారం, కింద తాళం కన్నం. పేలడానికి మూడు నిమిషాలుంది.

చెవిలో విమలాదేవి గొంతు వినిపించింది. "లెఫ్ట్. నౌ లెఫ్ట్."

అతను ఊపిరి ఆపి విన్నాడు, బుద్ధిగా ఎడమకు తిరిగాడు. కుడివైపు నుంచి కత్తి తొడలో దిగింది. ఆ మాట తనకు కాదని, పైనుంచి బుడగలు చూస్తూ హెరన్‌కు చెప్పిందని అప్పుడు తెలిసింది. ఆమె పదకొండింటిదాకా సమాచారం ఎందుకు దాచిందో కూడా.

హెరన్ రెండోసారి పొడిచాడు. వైకుంఠం అతని మోచేయి విరిచాడు. ఎముక విరిగిన శబ్దం నీళ్ళలో చాలా స్పష్టంగా వినిపించింది. హెరన్ విదిలించుకుని, కాలితో వైకుంఠం గాయం మీద తన్ని పైకి దూసుకుపోయాడు. రెండో మణికట్టున గొలుసుకు బాంబు తాళంచెవి మెరిసింది.

కాలు కదలడం లేదు. ఇక అందుకోలేడు. కానీ వాడూ అదే మాస్కు తగిలించుకున్నాడు. వైకుంఠం స్విచ్ నొక్కి ఇంగ్లీషులో, రహస్యం చెబుతున్నట్టు మెల్లగా మొదలుపెట్టాడు.

"హెరన్, ఆ తాళంచెవి నిన్ను కాపాడుతుందనుకుంటున్నావా? విమలాదేవి నీ గురించి మాకు ఏం చెప్పిందో తెలుసా?"

పైన బుడగలు ఆగిపోయాయి.

తన పేరు వినిపించాక ఏ మనిషీ చెవులు మూసుకోలేడు. హెరన్ ఊపిరి బిగబట్టి వింటున్నాడు. వింటూ పైకి పోతూనే ఉన్నాడు. పైకి పోయేకొద్దీ ఊపిరితిత్తుల్లో గాలి ఉబ్బుతుంది. వదలకపోతే చీల్చేస్తుంది.

"ఆమె చెప్పిందేమిటంటే..." అని వైకుంఠం ఆగాడు.

హెరన్ మాస్కు అద్దం లోపలినుంచి ఎర్రబడింది. శరీరం ఒక్కసారి విల్లులా వంగి, తేలిపోతూ వెళ్ళింది.

చెవిలో కొత్త గొంతు అరిచింది.

"సార్! గీ మేడం తుపాకి తీసింది. తెడ్డుతోని ఒక్కటిచ్చిన. పడ్డది. లేస్తదో లేవదో తెల్వది!"

"సీమోన్, వాడు తేలాడా? మణికట్టున తాళంచెవి ఉంటుంది. తియ్యి."

"దొరికిండు... గొలుసు ఊడుతలేదు సార్!"

"కొయ్యి."

"గొలుసా, చెయ్యా?"

"ఏది తొందరగా తెగితే అది."

నలభై సెకన్లు. ముప్పై. పైమాట కోసం ఊపిరి ఆపి వింటూ వైకుంఠం తన గుండె చప్పుడుకు చిరాకు పడ్డాడు. పదిహేను.

సీసం గుండు కట్టిన తాళంచెవి తాడు వెంట జారి చేతిలో పడింది. గొలుసు తెగలేదు. గొలుసుతోపాటు వచ్చినదాన్ని అతను చూడదలచుకోలేదు. కన్నంలో పెట్టి తిప్పాడు. ముల్లు ఒక్క గీత దూరంలో ఆగింది.

పడవలో విమలాదేవి కట్లతో మూలుగుతోంది. సీమోను రక్తపు చేతులను చెరువులో కడుక్కుంటూ కట్ట కిందికి చూశాడు. వంటపొయ్యిల పొగ లేస్తోంది. కాసేపు ఏడ్చాడు. తర్వాత శవం వైపు తిరిగాడు.

"వానికి మీ కత్తి తగల్లే, గుండు తగల్లే. కింద ఏం జేసిండ్రు సార్?"

వైకుంఠం తొడకు గుడ్డ బిగిస్తూ అన్నాడు.

"మాట్లాడాను. నా మాట అంత శ్రద్ధగా ఇంతవరకూ ఎవరూ వినలేదు."