ఇరవై ఎనిమిదో నంబరు

"ప్లంబర్ షాపు పక్క వీధిలో ఉందండీ," అన్నాడు కంప్యూటర్ మెకానిక్, తన బల్ల మీద దబ్బున దిగిన ఇనుప టూల్‌బాక్సును చూసి.

"ఇది కంప్యూటరండీ," అంది ఆ అమ్మాయి, వానకు తడిసిన జుట్టు మొహం మీంచి తోసుకుంటూ. "మూత తీసి చూసి, తర్వాత మాట్లాడండి."

తీసి చూశాడు. నిజంగా కంప్యూటరే. ఎవరో కూర్చుని టూల్‌బాక్సుకు వరసగా కన్నాలు వేసి, లోపల బోర్డు బిగించి, వైర్లన్నీ జడలా అల్లి కట్టారు. అతనికి ముచ్చటేసింది. కానీ కస్టమర్ ఎదురుగా ముచ్చటపడితే బెట్టు ఏం మిగులుతుంది?

"ఏం కావాలి?"

ఆమె ఒక పెద్ద కంపెనీ పేరు చెప్పి, వాళ్ళ ఆపరేటింగ్ సిస్టం ఇందులో ఎక్కించాలంది. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఆ కంపెనీ సిస్టం ఆ కంపెనీ అమ్మే కంప్యూటర్లలోనే నడుస్తుందండీ. ఇలా ముక్కలు తెచ్చి బిగించుకున్నవాటిని గడప తొక్కనివ్వదు."

"ఇంట్లో కూడా అదే అన్నారు. ఎక్కించి చూపిస్తానని పంతం పట్టి బయల్దేరాను. మీ వల్ల కాదంటే చెప్పండి, వెళ్ళిపోతాను."

నాలుగేళ్ళుగా షాపు నడుపుతున్న మనిషి ఈ మాట విని ఊరుకుంటాడా?

"కాదని నేనెప్పుడన్నాను?" అన్నాడు, ఇప్పుడే అన్న సంగతి మర్చిపోయి.

ఆమె ఎడిటర్. పాత గడియారాలు బాగుచేసే ఒక పెద్దావిడ మీద రెండేళ్ళు కష్టపడి ఇరవై నిమిషాల సినిమా తీసింది. ఆమెకు అలవాటైన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ సిస్టంలో తప్ప నడవదు. పై శుక్రవారం కాక ఆ వచ్చే శుక్రవారం సినిమా మొదటిసారి హాల్లో వేస్తారు. అప్పటికి పూర్తి కాకపోతే ఆ సమయం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇదంతా ఆమె ఒక్క గుక్కలో చెప్పేసరికి, అతనికి ఆ సినిమా తనదే అన్నంత కంగారు పట్టుకుంది.

మూడో రోజుకి సిస్టం ఎక్కింది.

"ఎలా ఒప్పించారు?"

"అబద్ధాలు చెప్పి. స్టార్ట్ అయ్యేముందు ఒక చిన్న ఫైలు దాని చెవిలో, 'ఇది మీ ఇంటి బిడ్డేనండీ' అని నమ్మబలుకుతుంది."

"అబద్ధాలు బాగానే చెప్తారన్నమాట."

"కంప్యూటర్లకే," అన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

బొమ్మ వచ్చింది, ఇంటర్నెట్ వచ్చింది, సౌండ్ మాత్రం రాలేదు. గడియారాల సినిమాకి టిక్‌టిక్ వినపడకపోతే ఇంకేముంది? పెట్టెలోని సౌండ్ చిప్ పలకాలంటే ఆ చిన్న ఫైల్లోనే దానికి సరిపడే నంబరు రాయాలి. అరవై పైచిలుకు నంబర్లున్నాయి, ఏది సరిపోతుందో తెలీదు. ఒక్కోటి పెట్టి, రీస్టార్ట్ చేసి, వినాలి. రీస్టార్ట్‌కి నాలుగు నిమిషాలు.

బొమ్మ కత్తిరించే పని ఇంట్లో ఉంది కాబట్టి ఆమె పెట్టె తన దగ్గరే ఉంచుకుని, రోజూ నాలుగింటికి ఒక గంట తెచ్చేది. ఆ గంటలో పదిహేను నంబర్లు చూడొచ్చు. వాళ్ళు మూడు చూసేవారు. మిగతా సమయం కబుర్లకు సరిపోయేది. ఆమె ఏ పాటకైనా ముందు తాళం గమనిస్తుందనీ, చూరు నీళ్ళ చప్పుడు కూడా రికార్డు చేసుకుంటుందనీ అతనికి అప్పుడే తెలిసింది.

ఏ నంబరు అయిపోయిందో గుర్తుండటానికి అతను తన షాపు కంప్యూటర్లో ఉంచుకున్న ఫైలు కాపీలో నోట్సు రాసుకునేవాడు. మొదట్లో బుద్ధిగా '1: రాలేదు' అని రాశాడు. తర్వాత చెయ్యి జారింది. '7: సౌండ్ రాలేదు. ఆమె గొడుగు మర్చిపోయి రెండుసార్లు వచ్చింది.' '12: రాలేదు. నవ్వితే ఎడమ బుగ్గ ముందు నవ్వుతుంది.' '18: రాలేదు. వస్తే రేపట్నించి ఈమె రాదు.'

పద్దెనిమిది దగ్గర ఆమె మొదటిసారి నీరసంగా కూర్చుంది.

"బుధవారం వచ్చేసింది. ఎల్లుండే సినిమా. ఇక వదిలేద్దామా?"

ఆమె వెళ్ళాక అతనికి సిగ్గేసింది. తన సరదాకి ఆ పిల్ల రెండేళ్ళ కష్టం అటకెక్కుతోంది. ఇలాంటి పనులు చేసేవాళ్ళంతా కలిసే ఫోరం ఒకటుంది. సాయం అడిగితే కంప్యూటర్లో ఏమేం ఉన్నాయో జాబితా పెట్టడం, తమ ఫైలు జతచేయడం అక్కడి పద్ధతి. నంబరు దొరికితే ఆమె రాక ఆగిపోతుందని తెలిసీ కూర్చుని రాశాడు. చివర్లో 'డబ్బా: ఎవరో మహానుభావుడు టూల్‌బాక్సుకు కన్నాలు పెట్టింది' అని చేర్చాడు. ఫైలు పంపేశాడు.

మర్నాడు షాపు తెరిచేసరికి 'పాతఫ్యూజు' అనే ఆయన నుంచి జవాబు వచ్చి ఉంది.

'28 పెట్టు. ఆ మహానుభావుణ్ణి నేనే. నీ ఫైలు మొత్తం చదివాను, నోట్సుతో సహా. నాలుగింటికి వస్తున్నాం.'

అతను గబగబా తను పంపిన ఫైలు తెరిచి చూశాడు. నోట్సు తీసేయకుండా పంపాడు. పైగా 'వస్తున్నాం' అట.

నాలుగింటికి ఆమె పెట్టెతో వచ్చింది. వెనకే గొడుగు మడుస్తూ ఒక పెద్దాయన.

"మా నాన్న," అంది ముభావంగా. "కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. ఈ పెట్టె చేసింది, ఇందులో ఆ సిస్టం ఎక్కదన్నది ఈయనే."

"పంతానికి అన్నానుగానీ, నెల్లాళ్ళుగా ఫోరంలో అదే నేర్చుకుంటున్నాను," అన్నాడాయన. "నేనే ఎక్కించి ఇద్దామనుకుంటే నువ్వు ముందే ఎక్కించేశావు బాబూ."

"నంబరు తెలిసీ నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"నువ్వు అడిగావా?"

పంతంలో తండ్రికి తగ్గ కూతురు. ఆమె మెకానిక్ వైపు తిరిగింది.

"గంటకు పదిహేను అవుతాయని నాకు తెలీదనుకున్నారా? మూడే ఎందుకు చేశారు?"

"మీరు రావడం మానేస్తారని."

"నా శుక్రవారం సంగతి తెలిసీనా?"

"తెలిసీనే. తప్పు నాదే, క్షమించండి. మీరంటే నాకు ఇష్టం. అది ఫైల్లో రాసుకోవాల్సింది కాదు, మీతో చెప్పాల్సింది."

ఆమె కుర్చీ లాక్కుని, 28 కొట్టి, రీస్టార్ట్ నొక్కింది. ఆ నాలుగు నిమిషాలూ అతను తెర వంక చూడలేక నేల వంక చూశాడు. తెర వెలగగానే ఆమె తన సినిమా నడిపించింది.

టిక్. టిక్. టిక్.

షాపంతా గడియారాలు. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఎడమ బుగ్గ ముందు నవ్వింది.

"చూడు బాబూ," అన్నాడు పెద్దాయన మెల్లగా. "నంబరు దొరికితే ఈ పిల్ల రాదని రాసుకుని, ఆ కిందే నంబరు అడిగావు. అది చదివే దీనికి చూపించాను, లేకపోతే నేనొక్కణ్ణే వచ్చి నాలుగు తిట్టి పోయేవాణ్ణి." గొడుగు బల్ల మీద పెట్టాడు. "వాన తగ్గింది, నేను నడిచి వెళ్తాను. ఇది మీ దగ్గరుంచుకోండి."

"తగ్గితే గొడుగెందుకు నాన్నా?"

ఆయన వినిపించుకోలేదు. బయట వాన దంచి కొడుతోంది.

ఆమె షాపు కంప్యూటర్లో ఆ నోట్సు ఫైలు తెరిచి ఏదో టైపు చేసి, తెర అతని వైపు తిప్పింది.

'28: సౌండ్ వచ్చింది. కోపం ఇంకా కొంచెం ఉంది.'

ఆ కింద '29:' అని రాసి ఖాళీగా వదిలేసింది.

"సౌండ్ వచ్చేసిందిగా. ఇరవై తొమ్మిది ఎందుకు?"

"రేపు సినిమాకి రండి. నా పక్కన కూర్చుని వినండి," అంది ఆమె. "శనివారం నాలుగింటికి నేనొస్తాను. అప్పుడు ఇద్దరం కలిసి రాద్దాం."