సంసారపక్షం ఇంజిన్

"మా ఆయనకి ఇంకో ఇల్లుందండీ," అంది వచ్చినావిడ, కుర్చీలో సర్దుకోకముందే. "మా పెరట్లోనే, రేకుల షెడ్డు. అందులో ఎర్రగా, పొట్టిగా ఒకర్తి. పొద్దున కాఫీ దాని పక్కనే, సాయంత్రం కబుర్లు దాంతోనే. నాకు జలుబు చేస్తే వేణ్ణీళ్ళు తాగమంటారు. అది దగ్గితే మాత్రం ఆఫీసుకి సెలవు."

అసిస్టెంటు ఇబ్బందిగా కిటికీ వైపు తిరిగాడు. డిటెక్టివ్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఎన్నాళ్ళ కిందటి కారు?" అంది.

"కారని మీకెలా తెలుసు?"

"మీ సంచీకి గ్రీజు మరకుంది. సవతి అయితే గ్రీజు అంటదు."

అసిస్టెంటు ముఖం వెలిగిపోయింది. డిటెక్టివ్ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే మనిషి అతను. ఊళ్ళో వాళ్ళు ఆవిణ్ణి భూతద్దం అంటారు గానీ, ఆవిడ దగ్గరున్నది ఆ చత్వారం కళ్ళజోడు ఒక్కటే.

వచ్చినావిడ గొంతు తగ్గించింది. అది మామగారు నడిపిన స్పోర్ట్స్ కారు. ఇద్దరికి మించి పట్టరు. ఇంజిన్ ఎప్పుడో మూలపడింది. ఆవిడ తమ్ముడు మెకానిక్కు. వెనక నుంచి లారీ గుద్ది నుజ్జయిన ఓ మామూలు సంసారపక్షం కారుని కొనిపించి, దాని ఇంజిన్ తీసి ఇందులో బిగించాడు. మొన్న స్టార్ట్ చేస్తే వీధంతా వచ్చి చూసింది. నిన్న పొద్దున మాత్రం ఇలా అంటుకుని అలా ఆరిపోయింది.

"మా తమ్ముడే మంచి ఇంజిన్ ఎత్తుకుపోయి ఏదో చచ్చుది పెట్టాడంటున్నారు మా ఆయన. షెడ్డు తాళం వాడి దగ్గరా ఒకటుంది. ఈ సాయంత్రం పోలీసులకి చెబుతారట. ఒకసారి దొంగ అనిపించుకున్నాక వాడి చేతికి బండి ఎవరిస్తారు చెప్పండి? నాకు ఇటు మొగుడు, అటు తమ్ముడు."

"పదండి," అని డిటెక్టివ్ చెప్పులు వేసుకుంది.

షెడ్డు బయట ఇంటాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కింటి పెద్దాయన ప్రహరీ మీద మోచేతులాన్చి, పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది.

"ఒకసారి స్టార్ట్ చెయ్యండి," అంది డిటెక్టివ్.

ఆయన జేబులోంచి తన తండ్రి నాటి ఇత్తడి గొలుసున్న తాళంచెవి తీసి తిప్పాడు. ఇంజిన్ చక్కగా అంటుకుంది. ఒక్క ఊపిరి తీసేలోగా ఆరిపోయింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అంతే.

"చూశారా, చచ్చు ఇంజిన్," అన్నాడాయన.

డిటెక్టివ్ బానెట్ ఎత్తించి లోపలికి వంగింది. ఇంజిన్‌ని కారు చట్రానికి పట్టి ఉంచే ప్రతి బోల్టు మీదుగా చట్రం దాకా సన్నని పసుపు పెయింటు గీత ఉంది. అన్ని గీతలూ ఎక్కడా తెగకుండా తిన్నగా ఉన్నాయి. తర్వాత డ్రైవరు సీటు దగ్గర వెల్లకిలా పడుకుని స్టీరింగ్ కిందికి తల పెట్టింది. గాజంత నల్ల ప్లాస్టిక్ చుట్టు ఒకటి వైర్లకి వేలాడుతోంది. దాన్ని ఆనుకుని వేలెడు పొడుగున జిగురు మరక. చుట్టూ దుమ్మున్నా ఆ మరక మీద మాత్రం లేదు. అసిస్టెంటూ పక్కన పడుకుని చూశాడు. అతనికి సాలెపురుగు కనిపించింది.

"మొన్న ఇంజిన్ నడిచాక మీరేం చేశారు?" అంది లేచి, వీపు దులుపుకుంటూ.

"ఏం చేస్తాను, తుడుచుకున్నాను. రేపు పాత కార్ల ఊరేగింపు. ఇంత అందగత్తెలో ఉన్నది సంసారపక్షం బండి ఇంజినని నలుగురికీ తెలిస్తే నా పరువేం కాను? దాని ఆనవాళ్ళన్నీ ఏరి, పెరట్లో పడున్న దాని డొక్కు బాడీలోకే విసిరేశాను. స్టిక్కర్లు, మూతలు, ఇంకా ఏవో ప్లాస్టిక్ ముక్కలు."

"వద్దని ఎవరూ అనలేదా?"

"స్టీరింగ్ కింద చెయ్యి పెట్టొద్దని వాడన్నాడు. నా కారులో నన్ను చెయ్యి పెట్టొద్దనడానికి వాడెవడండీ?"

డిటెక్టివ్ ప్రహరీ వైపు తిరిగింది. "మీరేమైనా చూశారా?"

"నాకెందుకమ్మా ఒకళ్ళ గొడవ," అంటూనే పెద్దాయన పేపరు మడిచాడు. "మొన్న సాయంత్రం ఆ కుర్రాడు టార్పాలిన్ పట్టా కప్పిన బరువేదో వ్యాన్లోకి ఎక్కించాడు. ఇంజినంత ఉంది. నేను చూడలేదనుకో."

ఇంటావిడ ముఖం వాడిపోయింది. డిటెక్టివ్ ఆవిడ భుజం తట్టి, "మీ తమ్ముణ్ణి రమ్మనండి," అంది. తర్వాత అసిస్టెంటు చెవిలో ఏదో చెప్పింది. అతను పెరటి వెనక్కి పరుగెత్తాడు.

మెకానిక్కు వచ్చి గుమ్మం బయటే ఆగాడు. "బావగారు రానిస్తేనే లోపలికొస్తాను," అన్నాడు. మొన్నటిదాకా ఒట్టి బావే.

"అందరూ దగ్గరికి రండి," అంది డిటెక్టివ్. "ముందు దొంగతనం సంగతి. ఈ పసుపు గీతలు ఎవరు గీశారు?"

"నేనే. బోల్టు పూర్తిగా బిగించాక గీత గీస్తాను. బోల్టు కదిలితే గీత తెగుతుంది."

"ఒక్కటీ తెగలేదు, మళ్ళీ గీసిన జాడా లేదు. ఈ బోల్టులు విప్పకుండా ఇంజిన్ బయటికి రాదు. కాబట్టి ఇది మొన్నటి ఇంజినే. మరి పట్టా కింద ఏముంది బాబూ?"

అతను తల వంచుకున్నాడు. "పాత ఇంజినండీ. బావ వాళ్ళ నాన్నగారు నడిపింది కదా, తుక్కులో వెయ్యబుద్ధి కాలేదు. విప్పి, కడిగి, బావకి చూపిద్దామనుకున్నా."

ఇంటాయన చేతిలోని ఇత్తడి గొలుసు వైపు చూసుకున్నాడు.

"ఇక జబ్బు సంగతి," అంది డిటెక్టివ్. "చచ్చు ఇంజినైతే అంత చక్కగా అంటుకోదు. ఎవరో కావాలని ఆపుతున్నట్టు ప్రతిసారీ ఒకేచోట ఆగుతోంది. ఆపుతున్నది ఆ నుజ్జయిన కారు కంప్యూటరు. ఇంజిన్‌తో పాటు అదీ ఇందులోకి వచ్చింది. తన సొంత తాళంచెవి దగ్గర లేకపోతే, ఎవరో దొంగ ఎక్కాడనుకుని పెట్రోలు ఆపేస్తుంది. అందుకే ఈ అబ్బాయి ఆ తాళంచెవిని, స్టీరింగ్ కింద దాన్ని గుర్తుపట్టే చుట్టుకి ఆనించి టేపు వేశాడు. మొన్న అది అక్కడుంది. నిన్న లేదు. ఆనవాళ్ళన్నీ ఏరి పారేసిన మనిషి ఈ ఇంట్లో ఒక్కరే."

అసిస్టెంటు వచ్చాడు. మోచేతుల దాకా మసి, అరచేతిలో నల్ల ప్లాస్టిక్ తలున్న తాళంచెవి. దానికి టేపు ముక్క ఇంకా అంటుకునే ఉంది.

"అంటే నా కారు నన్నే దొంగ అనుకుందా?" అన్నాడు ఇంటాయన, నీరసంగా.

"మీరు బావమరిదిని అనుకున్నారు. అది మిమ్మల్ని అనుకుంది," అంది డిటెక్టివ్.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా నువ్వు," అంది అక్క తమ్ముడితో.

"చెప్పనిస్తేగా అక్కా? ఫోనెత్తగానే దొంగా అన్నారు, పెట్టేశారు. ఏం జరిగిందో కూడా తెలీదు నాకు."

అతను లోపలికొచ్చి, వంగి, తాళంచెవిని దాని చోట పెట్టి కొత్త టేపు చుట్టాడు. ఇంటాయన ఇత్తడి గొలుసు తాళం తిప్పాడు. ఇంజిన్ అంటుకుంది. ఒక ఊపిరి, రెండు, పది. ఆయన యాక్సిలరేటరు నొక్కేసరికి షెడ్డు రేకులు గలగలలాడాయి. పెద్దాయన పేపరు ప్రహరీ అవతల పడింది. అసిస్టెంటు చప్పట్లు కొట్టేశాడు. మెకానిక్కు బానెట్ మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని ఆ శ్రుతి వింటున్నాడు.

ఇంటాయన సీట్లోంచి బావమరిది వైపు చూసి పెదవులు కదిపాడు. ఆ హోరులో ఒక్క ముక్క వినపడలేదు. ఆయనకి కావలసిందీ అదే.

ఇంటావిడ వచ్చి, భర్త మీదుగా చెయ్యి చాపి, తాళం వెనక్కి తిప్పింది. షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"ఇప్పుడు చెప్పండి," అంది.

ఆయన భార్యని చూశాడు, డిటెక్టివ్‌ని చూశాడు, ప్రహరీ మీది మోచేతుల్నీ చూశాడు. చివరికి కారు దిగి బావమరిది ఎదురుగా నిలబడ్డాడు.

"తప్పు నాదేరా," అన్నాడు, పక్కింటికి కూడా వినపడేలా. "నిన్ను దొంగ అన్నాను. పీకి పారేసింది నేను."