సీలింగ్ కింద ఏడు నిమిషాలు

"పని చిన్నదే కృపావరం, ప్రాణమే పెద్దది," అన్నాడు ఫోన్లో చీఫ్ అమరేశ్వరరావు. "గురజాల పక్క క్వారీలో, నీళ్ళ అడుగున విదేశీ ముఠా పెట్టె ఉంది. పదకొండుకి దానికున్న బెలూన్ ఉబ్బి పైకి తేలుతుంది. ఐదు నిమిషాల్లోగా సిగ్నల్ పంపి కాలువ గేట్లు పేల్చేస్తుంది. విప్పితే అక్కడే పేలుతుంది. ఆ ఐదు నిమిషాలూ నీళ్ళలోనే నొక్కిపట్టు, సిగ్నల్ బయటికి పోదు. తర్వాత అదే చస్తుంది."

రాయి బేరగాడి వేషం విప్పి కృపావరం డైవ్ సూట్ తొడిగాడు. డిపార్ట్‌మెంట్ ట్రైనర్, నల్లకళ్ళద్దాల షబీనా అతని మణికట్టుకి డైవ్ కంప్యూటర్ కట్టింది.

"ఎన్‌డీఎల్ అంటే, ఆగకుండా పైకి రాగలిగే టైమ్. అది దాటితే డెకో, అంటే మధ్యలో ఆగి రావాలి. ఎక్కడ ఆగాలో సీలింగ్ అని లోతు చూపిస్తుంది. టైమ్ కాకుండా దాన్ని దాటి పైకొస్తే రక్తంలో నైట్రోజన్ సోడాలా పొంగుతుంది."

"పొలాలకి సీలింగ్ విన్నాం గానీ, నీళ్ళగ్గూడానా?" తాడు పట్టుకున్న ట్రాక్టర్ చెన్నకేశవులు నవ్వాడు.

ముప్ఫై ఎనిమిది మీటర్ల లోతు. సున్నపురాళ్ళ మధ్య పెట్టె దొరికేసరికి ఎన్‌డీఎల్ సున్నా! అంతలో బెలూన్ ఉబ్బి అతన్ని ఈడ్చుకుపోయింది. అసెంట్ రేట్, అంటే పైకి లేచే వేగం, ఎక్కువైందని కంప్యూటర్ కీచుమంది. నాలుగు మీటర్ల దగ్గర గోడరాయి పట్టుకుని, పెట్టెని కాళ్ళతో బంధించాడు.

డెకో. సీలింగ్ మూడు మీటర్లు. ఏడు నిమిషాలు ఆగాలి. గాలి రెండు నిమిషాలే!

చెవి పక్కన సన్నటి బుడగలు. గొట్టానికి సూది చిల్లు. సిలిండర్ బిగించింది షబీనాయే. ముఠా మనిషన్నమాట. నమ్మించి గాలి తీసింది!

పైకి పోతే తను పోతాడు, గేట్లూ పోతాయి. ఉంటే గాలి పోతుంది. అన్నీ పోకడలే. తాడుని మూడుసార్లు గుంజాడు.

గట్టున షబీనా కారెక్కుతూ, "ఏం కాలేదులే బాబాయ్, వదిలెయ్," అంది.

"ఏందమ్మా వదిలేది? మనిషి గుంజుతుంటే!"

క్వారీలో మునిగిన మోటర్లు తీసేవాళ్ళు కంప్రెసర్ గొట్టం నోట కరుచుకునే దిగుతారు. చెన్నకేశవులు కంప్రెసర్ ట్రాక్టర్‌ని రివర్స్‌లో దించి గొట్టం నీళ్ళలోకి వదిలాడు. క్వారీకున్న ఒక్క దారీ మూసుకుపోయింది. కారు ఆగింది.

"దారియ్యి బాబాయ్!"

"పైకొస్తే రక్తం పొంగుద్దన్నది నువ్వేగా. నువ్వూ ఆగు కాసేపు."

ఆఖరి ఊపిరి అయిపోతుండగా కృపావరం చేతికి గొట్టం తగిలింది. చానా డీజిల్ కంపు. అమృతమూ ఇదే వాసనేమో! అప్పుడే పట్టుకున్న రాయి ఊడింది. పెట్టె అతన్ని పైకి లేపింది. తడుముకుంటే ఇంకో రాయి అందింది.

లోతు: 3.1.

పదకొండూ ఐదు. పెట్టె మీద ఎర్రలైటు ఆరింది. ఇంకో మూడు నిమిషాలకి సీలింగూ తొలగింది. పైకొచ్చేసరికి షబీనా చుట్టూ సమ్మెటలతో పాతికమంది క్వారీ కూలీలు.

ఫోన్లో చీఫ్ పొంగిపోయాడు. "శెభాష్! సాయంత్రం ఫ్లైట్‌కి ఢిల్లీ రా. మెడల్!"

మణికట్టు మీద కొత్త అక్షరాలు: నో ఫ్లై, ఇరవైనాలుగు గంటలు. రక్తంలో నైట్రోజన్ ఇంకా మిగిలే ఉంది, విమానమెక్కితే మళ్ళీ పొంగుతుంది.

"నడికుడిలో రైలెక్కుతా సార్. రేపటిదాకా నన్ను ఆకాశానికెత్తకండి."