మీరావలి బిగించిన షట్టరు

గుంటూరులో నల్లపాడు రోడ్డు పక్కన మిరపకాయల గోడౌన్లు వరసగా ఉంటాయి. ప్రతి గోడౌనుకీ ఒక ఇనప షట్టరు. ఆ షట్టర్లు బాగుచెయ్యడమే నా బతుకు. నా పేరు నాగభూషణం. పదో తరగతి తప్పి యలమందయ్య గారి దగ్గర పనిలో చేరాను. నా తర్వాత మూడేళ్ళకి అక్కడే చేరినవాడు మీరావలి. మూడు నెలల్లో నన్ను దాటిపోయాడు.

వాడంటే నాకెంత కుళ్ళో ముందే చెప్పేస్తాను. ఇప్పుడు దాచి బాగుపడేది ఏమీ లేదు.

షట్టరు ఎత్తేది మన చేతులే అనుకుంటారు జనం. కాదు. పైన రేకు చుట్టుకునే గొట్టం ఉంటుంది. దానికి అటొక డబ్బా, ఇటొక డబ్బా. వాటిలో స్ప్రింగులు. బరువంతా మోసేది అవే. చిన్న కొట్లకి తీగ స్ప్రింగు వేస్తారు. అది పాడయ్యే ముందు నెల రోజులు కీచుమని ఏడుస్తుంది. గోడౌన్లకి పట్టీ స్ప్రింగు. గోడగడియారంలో ఉండేలాంటిదే, కాకపోతే నాలుగు వేళ్ళ వెడల్పు. అది ఏడవదు, అరవదు. ఉన్నట్టుండి విరుగుతుంది.

దాని ఆయుష్షు తెలుసుకోడానికి యలమందయ్య గారు మాకు ఒక ఉపాయం చెప్పారు. షట్టరుని నడుం ఎత్తు దాకా ఎత్తి వదిలెయ్యాలి. అక్కడే నిలబడితే స్ప్రింగులు బాగున్నట్టు. కిందికి జారితే ముసలివైనట్టు. ఇక ఒకటి విరిగిందంటే రెండూ మార్చాల్సిందే. కొత్తది లాగే లాగుడికి పాతది తట్టుకోదు. ఇంకో కట్టుబాటు కూడా పెట్టారాయన. మా ఇద్దరిలో ఒకరు మూసిన డబ్బాని రెండోవాడు విప్పకూడదు. అడగాలి, చెప్పింది నమ్మాలి. ఆయన పోయాక కూడా ఆ కట్టుబాటు మేం దాటలేదు.

మీరావలికి ఆ నడుం ఎత్తు ఉపాయం కూడా అక్కర్లేదు. డబ్బా మీద అరచెయ్యి ఆనించి, షట్టరు ఒకసారి ఎత్తి దించమనేవాడు. "ఇది దసరా దాకా వస్తుందండి" అనేవాడు. దసరాకే పోయేది. ఊరంతా మీరావలి చెయ్యి, మీరావలి చెయ్యి అనేవాళ్ళు. పనికి నేను వెళ్తే "మీరావలి రాలేదా?" అని నా వెనక్కి చూసేవాళ్ళు. ఆఖరికి మా ఆవిడ సుబ్బరావమ్మ కూడా అన్నం పెడుతూ, "చేతిలో పని ఉండాలండీ, నోట్లో ఉంటే ఏం లాభం" అంది. కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాను.

ఎనభై అయిదు ఫిబ్రవరిలో జానకిరామయ్య గారి గోడౌనుకి ఒక స్ప్రింగు విరిగింది. ఆయన కబురు పెట్టింది మీరావలికే. వాడు సత్తెనపల్లి పనిలో ఉన్నాడు, మర్నాటికి గానీ రాడు. నేను వెళ్ళాను. నా దగ్గర కొత్త స్ప్రింగు ఒకటే ఉంది. రెండోది బెజవాడ నుంచి రావాలి. ఆగితే వాడొచ్చేస్తాడు. ఆగలేదు. విరిగినదాని చోట కొత్తది వేసి, పాతదాన్ని పాతచోటే ఉంచి, రెండు డబ్బాలకీ నల్లరంగు పూసి వచ్చేశాను.

మూడు నెలలకి షట్టరు బరువెక్కింది. ఈసారి మీరావలి దొరికాడు. సాయంత్రం నా కొట్టుకొచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అన్నా, నా చేతికి ఒకటి ముసలిదిలా తగుల్తోంది. రెండూ కొత్తవేనా?"

కాదని చెబితే ఏమయ్యేది? ఏమీ కాదు. నవ్వేసి వెళ్ళి మార్చేవాడు. ఆ నవ్వే నాకు పడదు.

"రెండూ కొత్తవేరా. నీ చేతికి తిమ్మిరెక్కిందేమో చూసుకో."

"నువ్వు చెప్పాక ఇంకేముంది" అని వెళ్ళిపోయాడు.

రెండూ కొత్తవే కదా, బిగింపు వదులై ఉంటుందని మర్నాడు ఇంకో నాలుగు చుట్లు బిగించాడు. షట్టరు పైకెత్తాడు. కింద నుంచి వంగి బయటికి వస్తున్నాడు. పాతది విరిగింది. షట్టరు అడుగున ఉండే ఇనప కమ్మీ మెడ మీద పడింది. అక్కడికక్కడే పోయాడు.

అందరికంటే ముందు నిచ్చెన ఎక్కింది నేను. విరిగిన పాత పట్టీని గోనెలో చుట్టి తీసుకుపోయాను. రెండు చోట్లా కొత్తవి వేశాను. అడిగినవాళ్ళందరికీ "మంచి పనివాడే, పొగరెక్కి ఎక్కువ బిగించాడు" అన్నాను. ఆ మాట ఊరంతా పాకింది. వాడి పెళ్ళాం దాకా వెళ్ళింది. వాడి పేరు చెడుతుంటే నా కడుపు చల్లబడింది. అంతే, నిజం చెబుతున్నాను.

ఏడాది తిరిగింది. మళ్ళీ మే నెల. మిట్టమధ్యాహ్నం జానకిరామయ్య గారి గుమాస్తా బుల్లయ్య వచ్చాడు.

"షట్టరు జారిపోతోందండీ. మీరు చూస్తా ఉండండి, నేను అన్నం తిని వస్తా" అని తాళాలిచ్చి వెళ్ళాడు.

రోడ్డు మీద పిట్ట లేదు. నడుం ఎత్తుకి ఎత్తి వదిలాను. మెల్లగా జారింది. ఏడాదికే కొత్త స్ప్రింగులు ముసలివి కావు. వదులయ్యాయేమో, రెండు చుట్లు బిగిస్తే సరిపోతుందనుకున్నాను. పూర్తిగా పైకెత్తి, కర్ర ఊతం పెట్టి, లోపలివైపు నిచ్చెన వేసుకున్నాను. లోపల కప్పు దాకా మిరపకాయల బస్తాలు. ఆ వేడికి ఘాటు కళ్ళలోకి, గొంతులోకి దిగుతోంది. తుమ్ములు ఆపుకుంటూ గొట్టం కన్నంలో బిగించే కడ్డీ దూర్చాను. ఒక్కో చుట్టుకీ పళ్ళచక్రంలో ఒక పన్ను కట్ మని పడాలి, స్ప్రింగు వెనక్కి తిరగకుండా పట్టేది అదే.

కర్ర జారిన చప్పుడైంది.

షట్టరు దడదడా కిందికి వచ్చేసింది. చీకటి. అడుగున సన్నటి వెలుగు గీత మాత్రం మిగిలింది. చెవుల్లో హోరు తగ్గేదాకా నిచ్చెన పట్టుకుని అలాగే ఉన్నాను. తర్వాత గమనించాను... ఘాటు లేదు. అన్ని బస్తాల మధ్య ఘాటు లేదు. కొత్త గ్రీజు వాసన. గ్రీజు డబ్బా మూత అప్పుడే తీసినట్టు.

దిగుదామని కాలు కదిపాను. నా కుడిచెయ్యి రాలేదు.

కడ్డీ మీద ఉన్న నా చేతి మీద ఇంకో చెయ్యి ఉంది.

చల్లగా లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పనిలో ఉన్న మనిషి చెయ్యిలా వెచ్చగా, గరుగ్గా ఉంది. నా వేళ్ళు సర్దింది. బొటనవేలు కడ్డీ పైకి కాకుండా పక్కకి తెచ్చింది. తిప్పింది... కిర్ర్... కట్. ఒక చుట్టు. మళ్ళీ... కిర్ర్... కట్. ఎక్కడా తొట్రుపాటు లేదు. ఇరవై ఏళ్ళు చేసిన పనిని నేను తప్పు పట్టుతో చేస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది.

చెవి పక్కన ఊపిరి.

"అన్నా..."

కళ్ళు మూసుకున్నాను. మూసినా తెరిచినా ఒకటే.

"ఆ రోజు... రెండూ కొత్తవేనా?"

ఒక్క మాట. కాదంటే చాలు. ఆ చీకట్లో వినేవాళ్ళు ఎవరూ లేరు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ చెయ్యి మీద ఆ చెయ్యి... అంత తేలిగ్గా, అంత ఒడుపుగా తిప్పుతుంటే... చచ్చి కూడా వీడు నాకంటే బాగా చేస్తున్నాడే అని కడుపులో భగ్గుమంది. భయం కంటే అదే ముందు వచ్చింది.

"రెండూ కొత్తవే" అన్నాను. "నువ్వే... ఎక్కువ బిగించావు."

కడ్డీ ఆగింది.

"నువ్వు చెప్పాక ఇంకేముంది అన్నా."

షట్టరు దానంతటదే లేచింది. సరిగ్గా నడుం ఎత్తుకి వచ్చి నిలబడింది. వెనక్కి చూడకుండా నిచ్చెన దిగాను. బయటికి వెళ్ళాలంటే దాని కింద నుంచి వంగి వెళ్ళాలి. వేరే దారి లేదు. మెడ వంచినప్పుడు పైన ఇనప కమ్మీ ఒక్కసారి కిర్రుమంది... పడలేదు. ఎండలో పడి, రోడ్డు దాటి అవతలి అరుగు మీద కూర్చున్నాను.

బుల్లయ్య వచ్చి, షట్టరు ఎత్తి, దించి, సగంలో వదిలి చూశాడు. వెంట్రుకవాసి జారలేదు.

"ఏమండోయ్, అచ్చం మీరావలి బిగించినట్టుంది."

అప్పటినుంచి నా దశ తిరిగింది. తెనాలి నుంచి, చీరాల నుంచి, పిడుగురాళ్ళ సున్నం బట్టీల నుంచి కూడా కబుర్లు. డబ్బా మీద కుడిచెయ్యి ఆనిస్తే చాలు, ఎన్నాళ్ళొస్తుందో తెలిసిపోతుంది. నాగభూషణం గారి చెయ్యి అంటున్నారు. సుబ్బరావమ్మ కూడా పదిమందిలో చెప్పుకుంటోంది. ఇన్నేళ్ళూ దేనికి ఏడ్చానో అదంతా వచ్చింది. కానీ అది నా చెయ్యి కాదని నాకు తెలుసు. నా కుడిచెయ్యిని చూస్తే నాకే కుళ్ళు. భోజనం దగ్గర దాన్ని తువ్వాలు కింద దాచుకుంటున్నాను.

మొన్న మీరావలి ఇంటికి వెళ్ళాను. నిజం చెప్పేద్దామనే వెళ్ళాను. వాడి పెళ్ళాం చెంబుతో మంచినీళ్ళు ఇచ్చింది. "ఆయన పొగరువల్లే పోయాడంటారు, నిజమేనా అన్నయ్యా?" అని అడిగింది. కాదంటే మళ్ళీ ఊరంతా వాడినే పొగుడుతుంది. తల ఊపాను. నీళ్ళు తాగి వచ్చేశాను.

దారిలోనే మొదలైంది.

అందుకే ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోవద్దు. కుడిచెయ్యి బల్ల మీద ఉంది. ఖాళీ పిడికిలి. బొటనవేలు పక్కకి పెట్టి, మెల్లగా, ఒడుపుగా ఒక్కొక్క చుట్టే తిప్పుతోంది. నిద్రలో కూడా ఆగడం లేదని సుబ్బరావమ్మ అంటోంది.

అది ఒక చుట్టు తిప్పినప్పుడల్లా నా పక్కటెముకల్లో ఏదో కట్ మని ఒక పన్ను బిగుస్తోంది. వదులు కావడం మాత్రం ఇంతవరకూ లేదు.