చెన్నయ్య బండికి షట్టరు

"పికప్ డ్రైవర్ మీద నాకు అనుమానం లేదు. అయినా అతనికి ఒక్క ముక్క కూడా తెలియకూడదు," అన్నాడు అనంతయ్య.

2008 జూలై. కొత్తకోట హైవే పక్కన దాబా, మధ్యాహ్నం వేళ. మెడలో తువ్వాలు వేసుకుని పత్తి వ్యాపారిలా రొట్టె తుంచుతున్న ఆ మనిషి ఒక రహస్య ఏజెన్సీకి చీఫ్ అని పక్క బల్ల దగ్గరి లారీ డ్రైవర్లు కలలో కూడా అనుకోరు. ఎదురుగా ఏజెంట్ హరీష్. ఒంటి మీద గ్రీజు మరకల ఖాకీ చొక్కా.

"తెలియకపోతే అతనికి ప్రమాదం కదా సార్?"

"తెలిస్తే నటించాలి. అతనికి నటన రాదు. నీకు వచ్చు."

చీఫ్ గొంతు తగ్గించి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. అచ్చంపేట దగ్గర నల్లమలలో యురేనియం కోసం సర్వే టీం డ్రిల్లింగ్ చేస్తోంది. భూమి లోపలి నుంచి తీసిన రాతి శాంపిళ్లను పెట్టెల్లో సర్ది, నాగర్‌కర్నూల్ గెస్ట్ హౌస్ నుంచి చెన్నయ్య పికప్‌లో గద్వాల రైల్వే స్టేషన్‌కు పంపుతున్నారు. అక్కడి నుంచి రైల్లో ల్యాబ్‌కు.

"అడవిలో రేడియేషన్ మీటర్ పెడితే మోత మోగే రాయి, ల్యాబ్ చేరేసరికి మామూలు బండరాయి అవుతోంది," అన్నాడు అనంతయ్య. "మన నేలలో ఏమీ లేదని మనమే రిపోర్ట్ రాసుకుని వెళ్లిపోవాలని ఎవరో కోరుకుంటున్నారు."

"ఎవరు?"

"మార్టిన్. విదేశీ రింగ్‌కు ఇక్కడి బాస్. గద్వాలలో పట్టుచీరలు కొనే ఎక్స్‌పోర్టర్‌గా మకాం పెట్టాడు. వాడి పక్కనే తేజస్విని ఉంది. వాడి దృష్టిలో ఆమె వాడి ఏజెంట్. మన దృష్టిలో మన ఏజెంట్."

"ఆమె దృష్టిలో?"

అనంతయ్య మజ్జిగ తాగాడు. తర్వాత ప్లాన్ చెప్పాడు. వానాకాలం కాబట్టి పికప్ వెనుక భాగానికి జరిపి మూసే కవర్ ఒకటి వస్తుంది. పంపేది సర్వే వాళ్లని అందరూ అనుకుంటారు. నిజానికి పంపేది ఏజెన్సీ. దాన్ని బిగించే ఫిట్టర్ హరీష్. లోపల ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. తాళం తీసినప్పుడల్లా హరీష్ జేబులో రిసీవర్ అదురుతుంది.

* * *

"గిదేంది తమ్మి, దుకానం షట్టరు తెచ్చి బండికి పెడ్తున్నవ్?"

వనపర్తి చెన్నయ్య మెకానిక్ షెడ్డు ముందు నిలబడి ఆశ్చర్యంగా చూస్తున్నాడు. నలభై దాటిన మనిషి. బండి అతని సొంతం.

"గట్లాంటిదే అన్న. అది మీదికి పోతది, ఇది క్యాబిన్ దిక్కు పోతది," అన్నాడు హరీష్.

ఆ వారం అతని పేరు రాజు. బెంగళూరులో పని నేర్చుకుని వచ్చిన ఫిట్టర్. పేరు అబద్ధం, పని కొంత నిజం, యాస పూర్తిగా నిజం. హరీష్ పుట్టింది వీపనగండ్లలోనే. ఆ యాస వినగానే చెన్నయ్య అతన్ని మనవాడు అనుకున్నాడు.

హరీష్ ముందు టేపుతో పికప్ వెనుక భాగాన్ని మూల నుంచి మూలకు రెండు వైపులా కొలిచాడు. ఏనాడో బండరాయి తగిలి ఒక పక్క లోపలికి వంగింది. దాన్ని సుత్తితో సరిచేశాడు. క్యాబిన్ వెనుక పొడవాటి అల్యూమినియం పెట్టెను అడ్డంగా కూర్చోబెట్టాడు. కవర్ చుట్టుకునేది అందులోనే. రెండు అంచుల మీద పట్టాలు పెట్టి, కింది నుంచి క్లాంపులు వేసి, ఒక్కో బోల్టూ కొంచెం కొంచెంగా బిగించాడు. పట్టాలు సమానంగా లేకపోతే కవర్ మధ్యలో ఇరుక్కుంటుంది. పెట్టెలో చేరే నీళ్లు కిందికి పోవడానికి మూలల్లో సన్నటి పైపులు దింపాడు.

"అన్న, జర నీళ్లు పొయ్యి."

చెన్నయ్య బకెట్ తెచ్చి మూసిన కవర్ మీద గుమ్మరించాడు. తాళం తీసి, పట్టీ పట్టుకుని లాగాడు. కవర్ గరగరమంటూ పెట్టెలోకి పోయింది. లోపల పొడిగా ఉంది. అతను మూశాడు, తెరిచాడు, మళ్లీ మూశాడు.

"వానొస్తె రోడ్డు మీద బండాపి, మీదికెక్కి తాడుతోని తాటిపత్రి కడ్తుంటి తమ్మి. గీ చేతులు సూడు." అరచేతుల నిండా తాడు కోసిన గీతలు. "ఇగ ఆ తిప్పల లేదు. నువ్వు సల్లగుండాలె."

భార్య మల్లమ్మ కట్టిచ్చిన సద్ది విప్పి, జొన్నరొట్టెలో సగం తుంచి తొక్కు వేసి హరీష్ చేతిలో పెట్టాడు. చేతులు కడుక్కోవడానికి షెడ్డు వెనక్కి వెళ్లాడు. హరీష్ ఎదురుచూసిన అవకాశం అదే. పెట్టె పక్క మూత తీసి, ట్రాన్స్‌మిటర్ అమర్చి, స్క్రూలు బిగించాడు. నోట్లో రొట్టె ఇంకా నమలడం పూర్తి కాలేదు.

* * *

మొదటి ట్రిప్పులోనే, కొత్తకోట దాబా దగ్గర రిసీవర్ అదిరింది. చెన్నయ్య లోపల భోజనం చేస్తుంటే, పార్సిల్ కూలీల వేషంలో ఇద్దరు దొంగ తాళంచెవితో కవర్ తెరిచి పెట్టెలు మార్చారు. వెనకాలే వచ్చిన హరీష్ ఎదురు దుకాణం నుంచి ఫొటోలు తీసి చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"పట్టుకోవద్దు," అన్నాడు అనంతయ్య. "కూలీలు కాదు, నాకు మార్టిన్ కావాలి."

హరీష్ ఆగాడు. ఆ ఆగడమే తప్పయింది.

తర్వాతి ట్రిప్పులో చెన్నయ్య స్టేషన్ చేరలేదు. గద్వాల శివారులో రోడ్డు పక్కన పడి ఉంటే బస్సు వాళ్లు చూసి దవాఖానలో చేర్చారు. హరీష్ బత్తాయిలు తీసుకుని వెళ్లాడు. తలకు కట్టు, వాచిన కన్ను. మంచం పక్కన మల్లమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"నువ్వెవని మనిషివి అని అడిగిండ్రు. చెన్నయ్యనన్న. మల్ల కొట్టిండ్రు," అన్నాడు చెన్నయ్య. "మిషిని ఎవడు పెట్టిండంటరు. ఏ మిషిని? నాకు తెల్వదంటె నమ్మరు. ఫోన్ కూడ తొక్కి పలగ్గొట్టిండ్రు."

హరీష్ బత్తాయిల సంచి మంచం పక్కన పెట్టాడు.

"నీ షట్టరుకేం కాలె తమ్మి. నువ్వు పరేషాన్ కాకు."

"తిను బిడ్డ, నీ మొకం గూడ గట్ల పీక్కపోయింది," అంటూ మల్లమ్మ బత్తాయి ఒలిచి అతనికే పెట్టింది.

హరీష్ బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ పండు తొనలు చేతిలోనే ఉన్నాయి.

* * *

కట్టు విప్పకముందే చెన్నయ్య మళ్లీ బండెక్కాడు. శాంపిళ్ల గొడవ తేల్చడానికి సీనియర్ జియాలజిస్ట్ డాక్టర్ రూతమ్మ స్వయంగా నాగర్‌కర్నూల్ వచ్చారు. పెట్టెలు తన కళ్ల ముందే ఎక్కించాలని బండికి కబురు పెట్టారు.

అదే ఉదయం వనపర్తిలో ఒక ఐస్‌క్రీం పార్లర్‌లో హరీష్ ఎదురుగా ఒక యువతి కూర్చుంది. నల్ల కళ్లద్దాలు, ముదురు ఎరుపు గద్వాల చీర, ఖరీదైన సెంటు వాసన.

"వాన వస్తుందంటారా?"

"వచ్చినా లోపల తడవదు," అన్నాడు హరీష్. కోడ్ సరిపోయింది.

"తేజస్విని. టైం లేదు. చెన్నయ్య దవాఖానలో ఉండగా, బండి గద్వాల శివారులో పడి ఉన్నప్పుడు నీ ట్రాన్స్‌మిటర్ తీసేసి, అదే చోట బాంబు పెట్టారు. కవర్ కొంచెం తెరిస్తే ఏమీ కాదు. పూర్తిగా తెరిస్తే ముందు పట్టీ వెళ్లి పెట్టె అంచుకు నొక్కుకుంటుంది కదా, అక్కడ స్విచ్ ఉంది. టార్గెట్ రూతమ్మ. ఆమె స్వయంగా చూస్తే రాళ్ల మార్పిడి బయటపడుతుంది."

"ట్రాన్స్‌మిటర్ సంగతి వాళ్లకెలా తెలిసింది?"

"నేనే చెప్పాను. ఏదో ఒక నిజం ఇవ్వకపోతే మార్టిన్ నన్ను నమ్మడు. మీ చీఫ్ ఒప్పుకున్నాడు."

"డ్రైవర్‌ను కొడతారని తెలియదా?"

ఆమె కళ్లద్దాలు తీసింది. "బిగించినప్పుడు నీకు తెలియదా?"

హరీష్ బయటికి పరిగెత్తి చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"బాంబ్ స్క్వాడ్‌ను మహబూబ్‌నగర్ నుంచి పంపుతున్నాను. గెస్ట్ హౌస్‌కు నేను ఫోన్ చేస్తాను. నువ్వు వెళ్లకు. నిన్ను గుర్తుపడితే మార్టిన్ జారుకుంటాడు."

"చెన్నయ్య ఈపాటికి బిజినేపల్లి దాటి ఉంటాడు సార్."

"ఇది ఆర్డర్, హరీష్."

ఫోన్ జేబులో పడింది. మోటార్‌సైకిల్ నాగర్‌కర్నూల్ రోడ్డెక్కింది. మొక్కజొన్న చేలు, మేకల మంద, ఎదురొచ్చే బస్సు హారన్, ఏదీ అతనికి సరిగ్గా కనిపించలేదు, వినిపించలేదు. కళ్ల ముందు ఉన్నదల్లా పట్టీ పట్టుకుని మురిసిపోయిన చెన్నయ్య ముఖమే.

గెస్ట్ హౌస్ ఆవరణలో పికప్ నిలబడి ఉంది. లోపలి గదిలో ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తేవాళ్లు లేరు, అందరూ బండి చుట్టూనే ఉన్నారు. నెరిసిన జుట్టు, కాటన్ చీర, కాళ్లకు బూట్లతో రూతమ్మ వంగి లోపలికి చూస్తున్నారు. చెన్నయ్య సంబరంగా కవర్ లాగుతున్నాడు.

"ఒక్క చేత్తోనే వస్తది మేడం, సూడుండ్రి."

"అన్న, ఆపు," అని గేటు దగ్గర నుంచే అరిచాడు హరీష్.

వినిపించలేదు. కవర్ సగం దాటింది, ముప్పావు దాటింది. హరీష్ మోటార్‌సైకిల్ వదిలేసి దూకాడు. జేబులోని స్క్రూడ్రైవర్ తీసి పట్టా గాడిలో అడ్డంగా గుచ్చాడు. అల్యూమినియం కీచుమంది. కవర్ ఒక్క కుదుపుతో ఆగింది.

పట్టీకీ పెట్టె అంచుకూ మధ్య రెండు వేళ్ల సందు మిగిలింది.

"పట్టీ ఇడువు అన్న. మేడంను తీస్కోని గేటు బయటికి పో."

చెన్నయ్య ఆ ముఖం చూసి పట్టీ వదిలి, మేడంను తీసుకుని గేటు వైపు నడిచాడు. ఆవరణ ఖాళీ అయింది. హరీష్ మోటార్‌సైకిల్ మీది పనిముట్ల సంచి తెచ్చి, ఇంకో స్క్రూడ్రైవర్‌తో పెట్టె పక్క మూత తీశాడు. తన చేత్తో బిగించిన స్క్రూలే. లోపల తన ట్రాన్స్‌మిటర్ ఉండాల్సిన చోట బ్యాటరీ, దాని పక్కన మైనపు కాగితంలో చుట్టిన ముద్ద. బ్యాటరీ నుంచి వెళ్లే తీగను కట్టింగ్ ప్లయర్‌తో తుంచాడు. ఏమీ కాలేదు.

* * *

పేలుడు వార్త కోసం కాచుకుని కూర్చున్న మార్టిన్‌ను గద్వాల ప్లాట్‌ఫాం మీద పట్టుకున్నారు. తేజస్విని కనిపించలేదు. ఆర్డర్ మీరినందుకు మందలించి, మిషన్ సక్సెస్ అయినందుకు అభినందించి, రెండూ ఒకే ఫోన్ కాల్‌లో ముగించాడు అనంతయ్య. "డ్రైవర్‌కు ఏదో ఒక కథ చెప్పు," అన్నాడు చివర్లో.

బాంబ్ స్క్వాడ్ పికప్‌ను తనిఖీ చేసి వదిలాక, గేటు బయట గట్టు మీద చెన్నయ్య బీడీ వెలిగించుకోలేక తంటాలు పడుతున్నాడు. హరీష్ పక్కన కూర్చుని అగ్గిపుల్ల గీశాడు.

"నా పేరు రాజు కాదన్న. వాళ్లు అడిగిన మిషిని పెట్టింది నేనే. నిన్ను కొట్టింది నా వల్లనే."

చెన్నయ్య బీడీ సగం దాకా పీల్చాడు.

"ఎప్పుడు పెట్టినవ్?"

"షెడ్డుల. నువ్వు చేతులు కడుక్కోనీకి పోయినప్పుడు."

"రొట్టె తిన్నంకనా?"

"తింటుంటెనే."

చెన్నయ్య తల ఊపాడు. తిట్టలేదు. తిడితే బాగుండేదని హరీష్‌కు అనిపించింది.

"మేడంను బతికించినవ్. నన్ను గూడ బతికించినవ్. అది కాదనను," అన్నాడు చెన్నయ్య లేస్తూ. "కానీ దవాఖానల మల్లమ్మ నీకు పండు ఒలిచి పెట్టింది. ఆమెకు నేను చెప్ప. నువ్వే వచ్చి చెప్పాలె. ఎక్కు."

పికప్ వనపర్తిలో చెన్నయ్య ఇంటి ముందు ఆగింది. విదేశీ రింగ్‌ను ఛేదించి, బాంబు తీగను తుంచిన ఏజెంట్ హరీష్‌కు, ఆ ఇంటి ముందు బండి దిగడానికి మాత్రం చాలాసేపు పట్టింది.