డాక్టరమ్మకు అరువిచ్చిన చేతులు

పొద్దున్నే టీ గిన్నె భళ్లున కిందపడింది. పెద్దావిడ కుడిచెయ్యి భుజం దాకా లేవడం లేదు. ఎడంచేత్తో దించబోయింది, జారిపోయింది.

"మళ్లీ ఏం పగలగొట్టావే!" ముందు గదిలోంచి కొడుకు అరిచాడు. ఇంటి ముందు భాగమే అతని టైర్ల షాపు. లారీ చక్రాల బోల్టులు విప్పీ విప్పీ చేతులు ఇనుపకమ్మీల్లా తయారయ్యాయి. కోపమైతే ఎప్పుడూ ముక్కు మీదే.

"ఇవాళ మిమ్మల్ని డాక్టరుకి చూపించాల్సిందే అత్తయ్యా," అంది కోడలు నేల తుడుస్తూ. "ఫోన్లోనే చూస్తారు. ఎదురింటి టీచరమ్మ మోకాలి నొప్పి అలాగే తగ్గింది."

"ఫోన్లో చూస్తే నొప్పి పోతుందా? రేపు ఫోన్లో అన్నం చూపించి కడుపు నిండిందంటారు," అన్నాడు కొడుకు.

"వద్దులేమ్మా. బాత్రూంలో జారిపడ్డదానికి డాక్టరెందుకు?" అంది పెద్దావిడ. ఆవిడ పడ్డానన్న రోజు కోడలు అక్కగారింటికి వెళ్లింది. తిరిగొచ్చాక విన్నది ఆ మాటే, నమ్మిందీ అదే.

పంచదార డబ్బాకు ఆనించిన ఫోన్లోకి ఫిజియోథెరపీ డాక్టరమ్మ వచ్చింది. చెయ్యి ఎత్తమంది, తిప్పమంది.

"నేను అక్కడ లేను కదమ్మా. నా చేతులకు బదులు ఇంట్లో ఎవరైనా పట్టుకోవాలి. కాస్త బలమున్నవాళ్లయితే మంచిది."

"బలానికేం తక్కువండీ, మావారున్నారుగా!" కోడలు గర్వంగా వెళ్లి మొగుణ్ణి లాక్కొచ్చింది. పాపం, తెలియక చేసిన పని.

"ఒక చెయ్యి మోచేతి దగ్గర, ఇంకోటి మణికట్టు దగ్గర. మెల్లగా బాబూ," అంది డాక్టరమ్మ.

అతను చెయ్యి చాచాడు. ఇంకా తాకనే లేదు. పెద్దావిడ కుర్చీతో సహా వెనక్కి జరిగి, ఎడంచేతిని ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"ఈసారి కోడలుగారు పట్టుకోండి," అంది డాక్టరమ్మ. కోడలు పట్టుకుంటే పెద్దావిడ మూలుగుతూనే చెయ్యి అప్పగించింది. డాక్టరమ్మ గొంతు మారింది. "బాబూ, మీరు కాసేపు బయటికి వెళ్లండి. అమ్మగారితో మాట్లాడాలి."

అంతే. అతను ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టాడు. అద్దం ముక్కలు పొయ్యి దాకా ఎగిరాయి. షాపులోంచి జాకీ రాడ్డు తెచ్చి బల్లని ఒక్క దెబ్బకు రెండు చేశాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"నా ఇంట్లోంచి నన్నే పొమ్మంటుందా? ఏం నూరిపోశావే దానికి?" అంటూ పెళ్లాం జుట్టు పట్టుకున్నాడు. ఆమె తల తలుపుకు కొట్టుకుంది. కనుబొమ మీద నెత్తురు చిమ్మింది.

"వదలరా దాన్ని!" పెద్దావిడ ఇద్దరి మధ్యకీ దూసుకొచ్చింది. "దానికేం తెలీదు. నేనే దాచాను. ఆ రోజు షాపులో గొడవపడ్డ లారీవాడి తల పగలగొడతానని బయల్దేరావు. బండి తాళం నా గుప్పిట్లో పెట్టుకున్నాను. దానికోసం నా చెయ్యి వెనక్కి విరిచావు. చిటుక్కుమంది. నువ్వూ విన్నావు."

"బాత్రూంలో పడ్డానని నువ్వే అన్నావుగా..."

"నువ్వు నమ్మడానికి కాదురా, ఊళ్లోవాళ్లు నమ్మడానికి!"

రాడ్డు అతని చేతిలోంచి జారింది. "అమ్మా" అంటూ కాళ్లు పట్టుకోవడానికి వంగాడు. పెద్దావిడ ఒళ్లంతా మళ్లీ ముడుచుకుపోయింది. ఎడంచెయ్యి మళ్లీ ముఖం మీదికి వెళ్లింది. కన్నతల్లి తన చేతిని చూసి ఎలా వణుకుతోందో అతను ఈసారి సరిగ్గా చూశాడు. నోరు నొక్కుకుని ఏడ్చాడు.

"ఏడిస్తే ఏడువు. దగ్గరికి మాత్రం రాకు," అంది పెద్దావిడ. కొంగుతో కోడలి నెత్తురు ఒత్తుతోంది.

అతను గుమ్మం బయటికి నడిచాడు. జేబులోంచి తన ఫోన్ తీసి, నేలమీద పెళ్లాం వైపు జరిపాడు. "మళ్లీ కలుపు ఆవిడకి."

కోడలు ఫోన్ అందుకుంది. చీటీలో రాసుకున్న నంబరుకి కలిపింది. డాక్టరమ్మ కంగారుగా అడుగుతోంది, "అమ్మా, క్షేమంగా ఉన్నారా? ఏమైంది?"

"అమ్మ జారిపడలేదండీ," గుమ్మం అవతలి నుంచే అన్నాడతను. "ఆ చెయ్యి విరిచింది నేను. ఇప్పుడు నా భార్యనీ కొట్టాను. ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పండి. నేను ఇక్కడే ఉంటాను."

అన్ని రోజుల నొప్పికీ కళ్లు తడవని పెద్దావిడ, ఆ మాట విని కోడలి భుజం మీద తల పెట్టి భోరుమంది.