చీకటిలోయలో మంచుపూలు

భీమిరెడ్డి ఆకుదొన్నెలో తెచ్చిన తేనెపట్టు ముక్కను నోటిదాకా తీసుకెళ్లి, సుభాషిణి చటుక్కున ఆగిపోయింది. తేనెలో మంచుపూల వాసన! పట్టు గదుల్లో ఊదారంగు పుప్పొడి!

"అన్నా, ఇది ఎక్కడ దొరికింది?"

"చీకటిలోయ అంచునండి, బండ నెర్రెలో. ఏం, బాగోలేదేటి?"

"ఆ లోయలో పోతుచెట్టు ఉంది!" అంది సుభాషిణి.

అడవిచెట్ల మీద పరిశోధన చేసే ఆమె ఈ ఆనవాలు కోసం ఏళ్లుగా ఎదురుచూస్తోంది. తాటిచెట్లలో లాగే మంచుపూల జాతిలోనూ ఆడచెట్టు వేరు, పోతుచెట్టు వేరు. ఊదారంగు పుప్పొడి పోతుచెట్టుకే ఉంటుంది. భీమిరెడ్డి ఊరి పక్క గుట్టమీద ఒకే ఒక్క ఆడచెట్టు మిగిలింది. ఒకప్పుడు ఆ గుట్టా, ఈ లోయా ఒకే అడవి. నడుమ చెట్లు కొట్టి రోడ్డు వేశారు, జీడిమామిడి తోటలు పెంచారు. ఈగకన్నా చిన్నవైన తేనెటీగలు అంత ఖాళీని దాటి రాలేకపోయాయి. చెట్టు ఏటా విరగబూస్తోంది, ఒక్క కాయా నిలవడం లేదు. నిరుటి గాలివానకు సగం వేళ్లు లేచి ఒరిగిపోయింది. మరో వేసవి చూసేలా లేదు.

పోతుచెట్టు పుప్పొడి తెచ్చి, ఇప్పుడు పూతమీదున్న ఆడచెట్టుకు అద్దాలని తెల్లవారగానే ముగ్గురు బయలుదేరారు: సుభాషిణి, భీమిరెడ్డి, అతని భార్య కన్నమ్మ. లోయ గోడలు నిట్టనిలువు. దిగడానికి దారి లేదు. లోయలోని వాగు కొండను తొలుచుకొని బయటికి వచ్చే గుహ ఒక్కటే మార్గం.

గుహలో మోకాలి లోతు నీళ్లు. పాచిపట్టిన రాళ్లు. టార్చి వెలుగుకు గబ్బిలాలు గుంపులుగా లేచి ముఖాలకు రాసుకుంటూ పోయాయి. ఒకచోట కప్పు ఎంత కిందికి వంగిందంటే, గడ్డం నీళ్లకు ఆనించి పాకవలసి వచ్చింది. ఆ ఇరుకు దాటి కొంత నడవగానే వెలుతురు కళ్లు చెదరగొట్టింది.

ఎదురుగా పోతుచెట్టు! కొమ్మకొమ్మకూ తెల్లని గుత్తులు, వాటి చుట్టూ తేనెటీగల ఝుంకారం.

భీమిరెడ్డి కత్తి నడుముకు దోపుకొని పైకి ఎగబాకాడు. "కొమ్మే నరికేస్తానండి!"

"వద్దన్నా! నాలుగు గుత్తులు చాలు. మిగతావి తేనెటీగలకు ఉండనీ!"

గుత్తులను స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించేసరికి కొండ వెనక ఉరుము దద్దరిల్లింది. కన్నమ్మ వాగువైపు చూసి కేకపెట్టింది.

"నీళ్లు ఎర్రబారాయి! పైన కురిసేసింది! దిగయ్యా, దిగు!"

ముగ్గురూ తాడు నడుములకు కట్టుకొని గుహలోకి ఉరికారు. వెనకనుంచి వరద తరుముకొచ్చింది. మోకాళ్లు, నడుము, ఛాతీ. కప్పు వంగినచోట ఇక ఖాళీయే లేదు.

"ఊపిరి బిగబట్టండి! మునగండి!" ముందున్న భీమిరెడ్డి అరిచాడు.

అంతలో కన్నమ్మ కాలు జారింది. నడుము తాడు ముడి ఊడిపోయింది. సుభాషిణి ఒక చేతిలో డబ్బా ఉంది, మరో చేత్తో బండను పట్టుకుంది. ఆమె ఆలోచించలేదు. డబ్బా వదిలేసి కన్నమ్మ జబ్బ ఒడిసిపట్టుకుంది. భీమిరెడ్డి తాడు బలంగా లాగాడు. వరద ముగ్గురినీ ఒకే విసురున గుహ బయటి మడుగులోకి నెట్టేసింది.

గట్టున పడి దగ్గుతూ కన్నమ్మ బావురుమంది. "నా మూలాన పువ్వులు పోయాయి కదమ్మా!"

"నువ్వు ఉన్నావు కదా, కన్నమ్మక్కా. చాలు."

"ఓలమ్మో, అటు చూడండి!" భీమిరెడ్డి లేచి నిలబడ్డాడు. మడుగు మూల కొట్టుకొచ్చిన పుల్లల మధ్య డబ్బా తళతళలాడుతూ గిరగిరా తిరుగుతోంది! వరద దాన్ని వాళ్లకంటే ముందే బయటికి తెచ్చేసింది. సుభాషిణి దాన్ని అందుకుని మూత తీసింది. లోపల చుక్క నీరు లేదు. ముగ్గురికీ ఒక్కసారే నవ్వు వచ్చింది. ఎంతసేపటికీ ఆగలేదు.

ఆ సాయంత్రమే ఒరిగిన చెట్టుకు నిచ్చెన వేసి, చేతికందిన ప్రతి పువ్వుకూ కుంచెతో పుప్పొడి అద్దారు.

వానలు పట్టేవేళకు గుట్టమీద కొమ్మలు కాయలతో వంగాయి. భీమిరెడ్డి తోటల యజమానులతో మాట్లాడి, గుట్టనుంచి లోయదాకా గట్ల వెంబడి మొక్కలు నాటడానికి ఒప్పించాడు. పూలచెట్లు పెరిగితే తేనెటీగలు వాటి నీడన తామే వస్తాయి.

పండిన మొదటి కాయను కన్నమ్మ పగలగొట్టింది. గింజలు గట్టిగా, నల్లగా మెరిశాయి. ఆమె ఒరిగిన మానును అరచేత్తో నిమిరింది.

"ఇంక నీకు బెంగ లేదు. పడుకుంటే పడుకో, తల్లీ."